బర్గర్ ఏ ఊళ్లో తిన్నా ఒకటే.. ఈ రుచుల కోసం మాత్రం ఆ ఊరికే వెళ్లాలి!

సాయంత్రం ఐదు దాటితే పిడుగురాళ్ల సెంటర్‌లో బజ్జీల బండ్ల దగ్గర జనం మొదలవుతారు. సున్నపు బట్టీల్లో పని ముగించుకుని వచ్చేవాళ్లు, పత్తి, మిర్చి పనుల మీద టౌన్‌కి వచ్చిన రైతులు, కాలేజీ కుర్రాళ్లు.. అందరి చేతుల్లోనూ అదే కాగితం పొట్లం. ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా బర్గర్, పిజ్జా షాపులు వచ్చేశాయి. తినడంలో తప్పేం లేదు. కానీ ఒక్క విషయం గమనించారా? పెద్ద కంపెనీ బర్గర్ హైదరాబాద్‌లో తిన్నా, విశాఖలో తిన్నా రుచి ఒకటే. ఎక్కడైనా ఒకేలా ఉండటమే దాని ప్రత్యేకత.

మన లోకల్ ఫుడ్ దానికి పూర్తిగా రివర్స్. ఊరు మారితే రుచి మారిపోతుంది. పేరు చెప్పగానే ఊరు గుర్తొస్తుంది. మరి ఆంధ్రప్రదేశ్‌లో కారు ఆపి మరీ తినాల్సిన రుచులేంటి? ఒకే పేరుతో పది బోర్డులు కనిపిస్తే అసలుది ఎలా గుర్తుపట్టాలి? పిడుగురాళ్ల నుంచే బయల్దేరి చూద్దాం.

మన బర్గర్.. కట్ మిర్చి!

నార్కట్‌పల్లి - అద్దంకి హైవే పిడుగురాళ్ల మీదుగానే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్లే చాలామందికి ఇదే దారి. ఈ రోడ్డు మీద ఎక్కడ ఆగినా దొరికేది మిర్చి బజ్జీ. బజ్జీని మధ్యకు చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన పల్లీలు కూరి, నిమ్మకాయ పిండితే అదే కట్ మిర్చి. బన్ను లేదన్న మాటే గానీ, పద్ధతి బర్గర్‌దే!

ఇక్కడ చాలామంది పొరపడే పాయింట్ ఒకటుంది. గుంటూరు మిర్చి అనగానే అదే బజ్జీలో వేస్తారనుకుంటారు. కాదు. జీఐ గుర్తింపు ఉన్న గుంటూరు సన్నం రకం ఎండబెట్టి కారం పట్టించడానికి వాడేది. బజ్జీకి వాడేది వేరే. పొడవుగా, లావుగా, కారం తక్కువగా ఉండే పచ్చి మిరప. దాన్ని చీల్చి లోపల వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పెడతారు. ఘాటుని తగ్గించేది ఆ పులుపే.

హోటల్ పేరే సెంటర్ పేరు

పిడుగురాళ్ల నుంచి సత్తెనపల్లి మీదుగా వెళ్తే గుంటూరు. అక్కడ బ్రాడీపేటలోని శంకర్ విలాస్ గురించి తెలియనివాళ్లు తక్కువ. ఆ హోటల్ పేరుతోనే ఆ సెంటర్‌ని పిలుస్తారు. పక్కనున్న రైల్వే ఓవర్‌బ్రిడ్జికి కూడా జనం నోట్లో శంకర్ విలాస్ బ్రిడ్జి అనే పేరే స్థిరపడిపోయింది. మనుషుల పేర్లు వంతెనలకు పెట్టడం మామూలే. టిఫిన్ హోటల్ పేరు వంతెనకు రావడం మాత్రం గుంటూరుకే చెల్లింది.

అక్కడి నుంచి కృష్ణ దాటితే విజయవాడ. గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ మీద వెన్న ముద్ద, పక్కన కారప్పొడి వడ్డిస్తారు. వేడి ఇడ్లీ మీద వెన్న కరుగుతుండగానే తినేయాలి. పార్సిల్ కట్టించుకుంటే ఆ మజా సగం పోతుంది.

దంచితేనే బందరు లడ్డు

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే బస్సుల్లో ఇప్పటికీ ‘బందరు’ అనే పిలుపే వినిపిస్తుంది. ఈ ఊరి లడ్డుకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. మామూలు లడ్డుకీ దీనికీ తేడా చేసే విధానంలోనే ఉంది. శనగపిండిని పూసలా నేతిలో వేయించి, దాన్ని మళ్లీ పొడి చేసి, బెల్లం పాకం కలిపి రోట్లో బాగా దంచుతారు. అందుకే దీన్ని తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. నోట్లో పెట్టగానే కరిగిపోవడం వెనకున్న రహస్యం ఆ దంపుడే. అందంగా గుండ్రంగా ఉన్నా, కొరికితే బూందీ పలుకులు తగిలాయంటే అది తొక్కుడు లడ్డు కాదన్నమాట.

కుండ మీద కాగితం.. ఆత్రేయపురం

బందరు నుంచి గోదావరి జిల్లాల వైపు మళ్లితే రావులపాలెం దగ్గర్లోనే ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు దక్కింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న స్థానిక పూతరేకుల తయారీదారుల సంఘం దీనికోసం దరఖాస్తు చేసింది. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజినీర్ పేరు స్వీట్ తయారీదారుల సంఘానికి ఎందుకంటే.. ఆ నీళ్లే లేకపోతే ఇంత వరి లేదు, వరి లేకపోతే రేకు లేదు.

రేకు తీయడం చూస్తే కళ్లు తిప్పుకోలేం. బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చటి పాలలా చేస్తారు. నున్నటి కుండను బోర్లించి కింద మంట పెడతారు. గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. క్షణాల్లో పల్చటి కాగితంలాంటి రేకు లేస్తుంది. తర్వాత నెయ్యి రాసి, పంచదార పొడి గానీ బెల్లం గానీ చల్లి మడతపెట్టడమే. ఈ పనిలో ఎక్కువమంది మహిళలే. పొగ, వేడి ముందు గంటల కొద్దీ కూర్చుని చేసే పని ఇది. చెయ్యి కాస్త నెమ్మదిస్తే రేకు మందమవుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఆ చేతివాటం మెషీన్‌కి అంత తేలిగ్గా వచ్చేది కాదు. ఊళ్లో కొనే ప్రతి డబ్బా ఆ ఇళ్లకు పనిగా తిరిగి చేరుతుంది.

కాజాల్లో రెండు పార్టీలు

అదే గోదావరి జిల్లాల్లో కాజా గురించి మాట్లాడితే గొడవే. మండపేట దగ్గరున్న తాపేశ్వరంది మడత కాజా. పొరలు పొరలుగా ఉంటుంది. కాకినాడది గొట్టం కాజా. కోటయ్య కాజా అనే పేరుతో ఫేమస్. బయట గట్టిగా ఉండి, కొరకగానే లోపలి పాకం నోట్లోకి జారుతుంది. ఏది గొప్పంటే రెండూ తిన్నాకే చెప్పాలి. తాపేశ్వరానికి ఇంకో రికార్డు కూడా ఉంది. 2016 సెప్టెంబర్‌లో అక్కడ తయారు చేసిన 29,465 కిలోల లడ్డు గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది.

స్వీట్లతో కడుపు నిండదు కాబట్టి, కాకినాడలో సుబ్బయ్య గారి హోటల్ ఉంది. ఇక్కడి బుట్ట భోజనం బాగా పాపులర్. ఉదయం పూట అంబాజీపేట వైపు వెళ్తే పొట్టిక్కలు అడగండి. పనసాకులను బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. అదే దాని స్పెషల్.

దక్షిణానికి వెళ్తే..

మళ్లీ పిడుగురాళ్లకు వచ్చి, ఈసారి నరసరావుపేట, అద్దంకి మీదుగా కిందికి దిగితే ఒంగోలు. ఇక్కడ అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనకుండా వెళ్లేవాళ్లు అరుదు. ఇంకా కిందికి వెళ్తే నెల్లూరు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేయడం ఇక్కడి పద్ధతి. ఇవాళ వండిన పులుసు రేపు తింటే ఇంకా బాగుంటుందన్నది నెల్లూరు ఇళ్లల్లో అందరూ చెప్పే మాట. ముక్కకి పులుపు, కారం పట్టడానికి ఆ టైమ్ కావాలి మరి.

అలా కాకుండా పల్నాడు నుంచి పడమరగా వినుకొండ, మార్కాపురం దాటి కర్నూలు వైపు వెళ్తే రాయలసీమ మొదలవుతుంది. అక్కడ పొద్దున్నే ఉగ్గాని. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. వానలు తక్కువున్న నేలలో పుట్టిన టిఫిన్ ఇది.. ఖర్చు తక్కువ, పని తక్కువ, కడుపు నిండుతుంది. ఇక పక్కన ఏముంటుందో తెలుసా? మిర్చి బజ్జీ! పిడుగురాళ్లలో సాయంత్రం స్నాక్, సీమలో పొద్దుటి టిఫిన్‌కి జోడీ అన్నమాట.

జీఐ అంటే అసలేంటి?

భౌగోళిక గుర్తింపునే షార్ట్‌గా జీఐ అంటారు. 1999లో చేసిన చట్టం ప్రకారం ఇస్తారు. ఒక వస్తువు నాణ్యతకి గానీ, పేరుకి గానీ కారణం ఆ ప్రాంతమే అని తేలితే ఈ గుర్తింపు దక్కుతుంది. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

దీనర్థం వేరే ఊళ్లో పూతరేకులు చేయకూడదని కాదు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ వేరేచోట చేసిన సరుకు మీద ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని రాసి అమ్మకూడదు. హైవే పక్కన బోర్డు మీద ఊరి పేరు పెద్దగా ఉన్నంత మాత్రాన డబ్బాలో ఉన్నది ఆ ఊరిదే అని గ్యారంటీ లేదు. తయారు చేసిన అడ్రస్ ఏ ఊరిదో డబ్బా వెనక చూడండి. అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

తినే ముందు ఈ నాలుగూ చూడండి

1. నూనె: బజ్జీల మూకుడులో నూనె నల్లగా, చిక్కగా, నురగతో ఉంటే ఆ బండి దాటి వెళ్లిపోండి. పదే పదే కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్. 2018 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది.

2. తేదీ: విడిగా అమ్మే స్వీట్ల ట్రేల దగ్గర కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలి. 2020 అక్టోబర్ 1 నుంచి ఈ నిబంధన ఉంది. కనిపించకపోతే అడగండి. అడగడం మీ హక్కు.

3. లైసెన్స్: డబ్బా మీద, షాపులో 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందో లేదో చూడండి.

4. మయోనైజ్: బర్గరే తినాలనిపిస్తే మయోనైజ్ దేంతో చేశారో అడగండి. పచ్చి గుడ్లతో చేసేదాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. ఫుడ్ పాయిజనింగ్ ఘటనలే దానికి కారణం.

చివరిగా ఒక మాట. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే కాజా ఇంటికే వస్తుంది, నిజమే. కానీ కుండ మీద రేకు లేవడం, రోట్లో లడ్డు దంచడం పార్సిల్‌లో రావు. ఈసారి అటువైపు ప్రయాణం పెట్టుకుంటే ఓ గంట ముందే బయల్దేరండి. తయారు చేసే చోటే ఆగి, చేసేవాళ్ల దగ్గరే కొనండి. మీకు అసలు రుచి దొరుకుతుంది, వాళ్లకు చేసిన పనికి విలువ దక్కుతుంది.