గాజు తొట్టిలో చేపల గుంపు: జీబ్రా డానియో పెంపకంలో మెళకువలు

అలంకరణ చేపలపై మక్కువతో గాజు తొట్టి కొన్నవారిలో పలువురు, తొలి నెలలోనే చేపలు వరుసగా చనిపోవడంతో నిరాశ చెంది తొట్టిని అటకెక్కిస్తారు. చేప బలహీనమైనదని భావిస్తారు. కానీ చాలా సందర్భాలలో లోపం చేపలో కాక, సిద్ధం కాని నీటిలో ఉంటుంది. మన ఉపఖండానికే చెందిన జీబ్రా డానియో ఉదాహరణగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

చేప పరిచయం: గంగా నది చేపలపై 1822లో వెలువడిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ ఈ చేపను తొలిసారిగా వర్ణించారు. వాగులు, మడుగులు, వరి పొలాలు దీని సహజ నివాసాలు. సుమారు 4 సెం.మీ. పొడవు పెరిగే సన్నని దేహంపై తోక వరకు నీలిరంగు చారలుంటాయి.

గుంపు, తొట్టి పరిమాణం: ఒకటి, రెండు చేపలను మాత్రమే ఉంచితే అవి బెదిరి మూలకు చేరతాయి లేదా పరస్పరం తరుముకుంటాయి. కనీసం 6 చేపలను కలిపి పెంచాలి. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 30 సెం.మీ. ఎత్తు వరకు నింపితే 54 లీటర్ల నీరు పడుతుంది. ఇది 8 చేపలకు సరిపోతుంది. ఇవి నీటి పైకి ఎగిరి దూకుతాయి కనుక మూత తప్పనిసరి.

నీటిని సిద్ధం చేయడం: చేపల విసర్జనలు, మిగిలిన మేత వలన అమ్మోనియా ఏర్పడుతుంది. చేపల, రొయ్యల చెరువుల రైతులకు ఈ సమస్య సుపరిచితమే. నీటి ఉదజని సూచిక, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ దీని విషప్రభావం హెచ్చుతుంది. కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా 4-6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు వేయకుండా, ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయాలి. అమ్మోనియా, నైట్రైట్ మొదట పెరిగి, తరువాత పరీక్షలో రెండూ సున్నాకు చేరినప్పుడే చేపలను వదలాలి. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టిలోని స్పంజి ముక్కను ఫిల్టరులో ఉంచితే ఈ వ్యవధి తగ్గుతుంది. కుళాయి నీరు వాడేవారు ముందుగా క్లోరిన్‌ను తొలగించాలి.

నిర్వహణ: రోజుకు రెండుసార్లు, 2 నిమిషాలలో తినగలిగినంత మేత మాత్రమే వేయాలి. వారానికొకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. ఫిల్టరు స్పంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్ వలన మేలుచేసే బాక్టీరియా నశిస్తుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే దానిని పిండాలి. పెంచలేని పరిస్థితి ఏర్పడితే చేపలను మరొక పెంపకందారుకు ఇవ్వాలే గాని చెరువులు, వాగులలో వదలరాదు. తొట్టిలోని వ్యాధులు అక్కడి చేపలకు సోకవచ్చు.

చేపలు చురుకుగా కలిసి ఈదుతూ, వేసిన వెంటనే మేత అందుకుంటుంటే తొట్టి సవ్యంగా ఉన్నట్లు భావించవచ్చు. గుంపు చెదిరి, చేపలు నీటి పైభాగాన నోరు తెరుస్తుంటే మేత ఆపి, క్లోరిన్ లేని నీటితో వెంటనే సగం నీటిని మార్చాలి.