మాట వినని జుట్టు

గడచిన కార్తీకమాసంలో ఒక ఉదయం పర్చూరులో పదవ తరగతి చదువుతున్న కుర్రవాడు ఒకడు మా ఇంటికి వచ్చాడు. అతని జుట్టు చెవులమీదుగా నలువైపులా లేచి నిలిచి ఉన్నది.

“మాష్టారూ, మా నాన్నకు జబ్బు చేసినప్పుడు నా తలనీలాలు ఇస్తానని మా అమ్మ తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నది. వచ్చే వేసవిదాకా కత్తెర పెట్టకూడదు. బడిలో అందరూ నన్ను పిచ్చుకగూడు అంటున్నారు. ఎంత దువ్వినా ఇది మాట వినదు. ఒక్కొక్కప్పుడు నేనే కత్తిరించేసుకుందామా అనిపిస్తుంది. అమ్మ మొగం చూస్తే చెయ్యి ఆడదు” అన్నాడు.

మగవాడు జుట్టు పెంచడం మనకు వింత కాదు. మన తాతముత్తాతలలో అనేకులు జుట్టు పెంచి వెనుక ముడి వేసుకునేవారు. కొందరు పిలక ఉంచుకునేవారు. క్రాపు అనే మాటే ఇంగ్లీషునుండి వచ్చింది. ఆ అలవాటు స్థిరపడిన తరువాత జుట్టును చక్కబెట్టే విద్యను మగవాళ్లు మరచిపోయారు, అంతే. ఆ విద్యకు మూలం తెలియాలంటే ముందు వెంట్రుక ఎట్టిదో తెలియాలి.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు ఇంచుమించు 1.2 సెంటీమీటర్లు పెరుగుతుంది. రోజుకు 50 నుండి 100 వరకు రాలిపోవడం సహజమే. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో తయారైనది. దాని పైభాగాన సన్నని పొలుసులు పెంకుటింటి కప్పుమీది పెంకులవలె ఒకదానిమీద ఒకటి పరచుకొని, కొనవైపుకు వాలి ఉంటాయి. లోపలి కెరటిన్ పోగులను రెండు విధాల బంధాలు కలిపి ఉంచుతాయి. గంధకపు బంధాలు గట్టివి, నీటికి లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడి తగిలితే విడిపోయి, ఆరినప్పుడు మళ్లీ కుదురుకుంటాయి.

జుట్టు చెప్పినట్లు వినకపోవడానికి మొదటి కారణం పొడవు. జొన్న మొక్కను చూడండి. లేత ఆకు పొట్టిగా ఉండి నిటారుగా నిలుస్తుంది. పొడవు పెరిగిన ఆకు తన బరువుకు తానే వంగుతుంది. వెంట్రుక కూడా అంతే. నాలుగైదు అంగుళాల లోపు ఉన్నంతకాలం దాని బిరుసుతనం బరువును గెలుస్తుంది. కావున ఆ కొద్ది నెలల ఇబ్బందికి మందు ఓర్పే. 3 సెంటీమీటర్ల క్రాపు 20 సెంటీమీటర్లు కావాలంటే సుమారు 14 నెలలు పడుతుంది.

రెండవ కారణం గాలిలోని తేమ. తడిజుట్టును దువ్వి ఆరబెడితే హైడ్రోజన్ బంధాలు ఆ దువ్విన రూపంలోనే కుదురుకుంటాయి. కాని కార్తీకపు తేమగాలి సోకగానే అవి మళ్లీ విడిపోతాయి. అప్పుడు ప్రతి వెంట్రుకా తన సహజమైన వంపుకు తిరిగిపోతుంది. అన్నింటి వంపూ ఒకటి కాదు. అందుచేత జుట్టు రేగుతుంది. తేమకు వెంట్రుక పొడవు కూడా మారుతుంది. పూర్తిగా పొడిగాలినుండి పూర్తిగా తడిగాలికి వచ్చేసరికి అది నూటికి సుమారు 2 వంతులు సాగుతుంది. ఈ గుణాన్ని ఉపయోగించుకొనే జెనీవాకు చెందిన సొస్యూర్ 1783లో వెంట్రుకతో పనిచేసే ఆర్ద్రతామాపకాన్ని వివరించాడు.

మూడవ కారణం స్నానపు నీరు. మా పల్లెలలో అనేక బోరుబావులది కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి, నీటిలో కరగని తెట్టుగా మారి వెంట్రుకలకు పట్టుకుంటాయి. పైగా సబ్బు క్షారగుణం కలది. దానికి వెంట్రుక ఉబ్బి పొలుసులు లేస్తాయి. లేచిన పొలుసులు ఒకదానితో ఒకటి రాసుకోవడమే చిక్కు. కుంకుడుకాయలో, శీకాయలో ఉండే సాపోనిన్లు కఠినజలంలోనూ తెట్టు కట్టవు. వాటి రసానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉండడంవల్ల పొలుసులు అణగి ఉంటాయి. కుంకుడురసం కంట్లో పడితే మండుతుందన్న సంగతి మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

తలంటికి ముందు నూనె రాయడం మంచి ఆచారం. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడునూనె, ఖనిజతైలం, ఈ మూడింటిని పోల్చి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుకల ప్రోటీను నష్టాన్ని చెప్పుకోదగినంత తగ్గించింది. దానిలోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది. అందుచేత వెంట్రుక లోపలికి చొరగలదు.

తడిసిన వెంట్రుక సులభంగా సాగుతుంది, తెగుతుంది. కావున తువ్వాలుతో రుద్దక, అద్ది తడి తీయాలి. వెడల్పాటి పళ్ల దువ్వెనతో ముందు కొనలవద్ద చిక్కు తీసి, క్రమంగా పైకి రావాలి. మొదటే కుదుళ్లనుండి లాగితే చిక్కులన్నీ కొనవద్ద ముడిపడతాయి. జుట్టును మరీ బిగించి కట్టరాదు. నిత్యం లాగుడుకు గురైన కుదుళ్లు క్రమంగా నశిస్తాయి.

ఒక్క హెచ్చరిక. ప్రయోగశాలలో దీపం దగ్గర, కల్లంలో నూర్పిడి యంత్రం దగ్గర, పత్తి మిల్లులో, పంపుసెట్టు బెల్టు దగ్గర జుట్టు వదిలి నిలబడరాదు. తిరిగే ఇరుసు జుట్టును పట్టుకుంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. ముడివేసి, పైన తలగుడ్డ చుట్టుకోవాలి.

ఇవన్నీ విని కుర్రవాడు వెళ్లిపోయాడు. మళ్లీ వైశాఖంలో వచ్చాడు. జుట్టు భుజాలమీద చక్కగా పడి ఉన్నది. వాళ్ల నాన్న కోలుకొని పొలం పనులు చూసుకుంటున్నాడట. మరునాడే తిరుపతి ప్రయాణం. దువ్వెనకు వచ్చిన ఒక పొడవాటి వెంట్రుకను అడిగి తీసుకున్నాను. దానితో మేము చేసిన పరికరాన్ని ఏ బడిలోనైనా చేయవచ్చును.

వెంట్రుకను కుంకుడురసంతో కడిగి జిడ్డు తీయండి. 20 సెంటీమీటర్ల పొడవుగల చీపురుపుల్లను ఒక కొనవద్ద గుండుసూదితో, సులభంగా తిరిగేటట్లు, నిలువు పలకకు గుచ్చండి. సూదికి 1 సెంటీమీటరు దూరంలో పుల్లకు వెంట్రుకను కట్టి, రెండవ కొనను పైన మేకుకు తగిలించి, పుల్ల అడ్డంగా నిలిచేటట్లు సరిచూడండి. వెంట్రుకలో వచ్చే మార్పు పుల్ల కొనవద్ద 20 రెట్లయి కనిపిస్తుంది. తేమ పెరిగితే వెంట్రుక సాగి పుల్ల దిగుతుంది. గాలి పొడిబారితే పైకి లేస్తుంది.

ఆ మధ్యాహ్నం వడగాలికి పుల్ల పైకి లేచింది. సాయంకాలం చీరాల వైపునుండి సముద్రపుగాలి రాగానే మెల్లగా దిగింది. కుర్రవాడు చాలాసేపు దానినే చూస్తూ నిలబడ్డాడు.

“అయితే మాష్టారూ, కార్తీకంలో నా జుట్టు చేసింది కూడా ఇదేనా?” అన్నాడు.

“అవును నాయనా, ఇదే” అన్నాను.