వెల వేఱు, విలువ వేఱు



బజారులో వంకాయ లేఱుటకే మనము నాలుగు తట్టలు తిరిగి చూతుము. పైకి నిగనిగలాడు కాయలో పురుగుండుటయు, వంకరగా నున్న కాయ కూరలో రుచిగా నుండుటయు మన కెఱుకయే. కాయల సంగతియే యిట్లుండగా మనుష్యుల నేఱుట యెంత కష్టమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆ యేఱుటయే వృత్తిగా గలవారు నేటి క్రీడాలోకమున ననేకులు గలరు. ఏ బాలిక మేటి యాటకత్తె కాగలదు, ఏ బాలునిపై నెంత సొమ్ము పెట్టవచ్చును అని లెక్కలు కట్టుటయే వారి పని. ఇంత లెక్కకట్టి తెచ్చుకొన్నవారిలో కొందఱు వెలుగుదురు. కొందఱు వచ్చినదియు పోయినదియు తెలియకుండ మఱుగుపడుదురు. అట్లు మఱుగుపడుటకు హేతువేమి?

క్రికెట్టు వేలము జరిగిన ప్రతిసారియు మా పద్మనాభములో నీ చర్చ తప్పదు. అనంతపద్మనాభస్వామి కొండ దిగువ నున్న వీధులలో, అరుగులమీద, మావారి పూర్వశిష్యులు సాయంకాలము చేరి వాదులాడుకొందురు. "సొమ్ము కంటబడగానే ఆట మఱచినాడు" అని యొకడు. "ఏఱినవానికి కన్ను లేదు" అని యింకొకడు. "నొసట వ్రాత లే"దని మూడవవాడు. ఈ వాదము వినగా వినగా, ఇది మగపిల్లల కాలక్షేపము మాత్రమే కాదనియు, బిడ్డలను పెంచు మనమందఱము తలపోయవలసిన విషయమనియు మాకు తోచినది. పైగా నిప్పు డా వేలములో మన యాడపిల్లల పేర్లును వినబడుచున్నవి.

మనుష్యులకు వేలమేమని ముక్కుమీద వ్రేలు వేసికొనవలదు. అచట వెల కట్టునది మనిషికి గాదు, ఆమె యాడు ఆటకు. స్త్రీల ప్రీమియర్ లీగు తొలి వేలము 2023 ఫిబ్రవరి 13వ తేదీన ముంబయిలో జరిగినది. జట్లు 5. ఒక్కొక్క జట్టు వ్యయము చేయదగిన సొమ్ము 12 కోట్ల రూపాయలు. జాబితా కెక్కిన వనితలు 409 మంది; ఎన్నికైనవారు 87 మంది. అనగా నించుమించు ప్రతి యైదుగురిలో నలుగురు రిక్తహస్తములతో మిగిలిరి.

అమెరికాలో బాస్కెట్టుబాలు అను బుట్టబంతి యాటకు వేలము లేదు. వంతుల పద్ధతి కలదు. వెనుకటి యేట చతికిలబడిన జట్లకు ముందు వంతులు వచ్చునట్లు చీటీలు వేసి, క్రొత్తగా వచ్చు యువకులను వరుసగా నెన్నుకొన నిత్తురు. బలహీనుడు బలపడవలెనని యీ యేర్పాటు. మంచి యుద్దేశమే, కాని ముందు వంతు దొరికినంత మాత్రమున మంచి బుద్ధి దొరకదు గదా!

1984లో జరిగిన ముచ్చట యొకటి యా దేశమున నేటికిని చెప్పుకొందురు. మొదటి వంతు హ్యూస్టను జట్టుది. వారు ఒలాజువాన్ అను పొడగరిని తీసికొని బాగుపడిరి. రెండవ వంతు పోర్ట్‌లాండు జట్టుది. వారు శామ్ బోవీ యను నింకొక పొడగరిని కోరిరి. మూడవ వంతున షికాగోవారికి మిగిలిన యువకుడే మైకేల్ జోర్డాను. ఇతడు తరువాత షికాగో జట్టునకు 6 పర్యాయములు జాతీయ విజయమును తెచ్చి లోకప్రసిద్ధు డాయెను. బోవీ కాలియెముక విఱిగి కళాశాలలోనే రెండు ఋతువులు ఆటకు దూరమైనవాడు. పిదపను ఆ కాళ్లే యతనిని వేధించినవి.

పోర్ట్‌లాండువారిని తెలివిలేనివారని నవ్వుట సులభము. కాని వారి లెక్కను చూడుడు. జోర్డాను వంటి యాట యాడగల క్లైడ్ డ్రెక్స్‌లరు వారి యింట అప్పటికే యుండెను. వారికి కొఱత పడినది పొడగరి. కావున కొఱతను చూచిరి గాని, ఎదుట నున్న మనిషిని పూర్తిగా చూడలేదు. ఇది మొదటి హేతువు. మన యిండ్లలోను ఇట్టిదే జరుగును. "మా యింట వైద్యుడు లేడు" అని, నెత్తురు చూచిన కన్నులు తిరుగు పిల్లవానిని వైద్యవిద్యకు తఱుముదుము. కొఱత మనది, శిక్ష వానిది.

రెండవ హేతువు వెల. 2016లో ఢిల్లీ పురుషుల జట్టు పవన్ నేగి యను నాటగానిని 8.5 కోట్లకు తీసికొన్నది. అతడు 8 ఆటలలో 57 పరుగులు మాత్రమే చేసి, ఒక్క వికెట్టు తీసెను. దేశమంతయు నవ్వినది. అతనికి బంతి వేయ నిచ్చినది బహు కొద్ది ఓవర్లే యని మాత్ర మెవ్వరును తలపెట్టలేదు. మఱుసటి యేడు బెంగుళూరువారు ఒక కోటికి తీసికొని బంతి చేతి కిచ్చిరి. ఆ యేడు 16 వికెట్లు తీసెను. మనిషి వాడే, చేయి అదే. మాఱినవి వెలయు, ఇల్లును.

మన విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి సంగతి చూతము. హైదరాబాదు జట్టు 2023లో అతనిని 20 లక్షలకు తీసికొన్నది. ఆ యేడు రెండే యాటలు. బ్యాటు పట్టు నవకాశమే రాలేదు. మఱుసటి యేడు 303 పరుగులు చేసి, వర్ధమాన క్రీడాకారుల బహుమతి నందెను. అంతట 6 కోట్ల కట్టి యుంచుకొనిరి. 2025లో మునుపటంత రాణింపకపోగా, "ఇందుకా యాఱు కోట్లు" అను మాట పుట్టినది. 20 లక్షలవాని దగ్గఱ 30 పరుగులు భాగ్యము. 6 కోట్లవాని దగ్గఱ అవియే అపరాధము! వెల పెరిగినపుడు కొలబద్దయు పెరుగును. దాని బరువు మోయవలసినది మాత్రము కట్టినవారు కారు.

మూడవ హేతువు ఇల్లు. ఈ మాట మనకు చెప్పవలసిన పని లేదు. పుట్టినింట చలాకీగా తిరిగిన పిల్ల యొక యత్తవారింట మూగదై, వేఱొక యింట మహాలక్ష్మి యగుట చూచుచునే యున్నాము. కృష్ణా జిల్లాకు చెందిన సబ్బినేని మేఘనను 2023లో గుజరాతు జట్టు 30 లక్షలకు తీసికొని, మఱుసటి యేటికి విడిచిపెట్టెను. అదే 30 లక్షలకు బెంగుళూరువారు తీసికొనిరి. 2024 ఫిబ్రవరి 24వ తేదీన, ఆ జట్టు తొలియాటలోనే ఆమె 53 పరుగులు చేసి గెలుపునకు తోడ్పడెను. ఆ ఋతువు విజేతలును వారే.

ఆ జట్టు నాయకురాలు స్మృతి మంధాన కథయు తెలియదగినదే. తొలి వేలములో నందఱికంటె నెక్కువ వెల, 3.4 కోట్లు, ఆమెకే పలికెను. కాని తొలి యేట ఆమె 8 ఆటలలో 149 పరుగులే చేసెను. జట్టు వరుసగా 5 ఆట లోడెను. అప్పుడు "తప్పు బేరము" అన్నవా రెందఱో! యజమానులు తొందరపడి నాయకత్వము మార్చలేదు. మఱుసటి యేడు ఆమె 300 పరుగులు చేసి, జట్టునకు తొలి కిరీటమును తెచ్చెను. మొదటి యేటితోనే లెక్క మూసియుండినచో ఆమె పేరు నష్టముల పద్దులోనే వ్రాయబడి యుండెడిది.

నాలుగవ హేతువు దైవికము. 2022లో కబడ్డీ వేలమున తమిళ జట్టు పవన్ సెహ్రావత్ నిమిత్తము 2.26 కోట్లు పెట్టినది. తొలియాటలోనే మోకాలు దెబ్బతిని, ఆ ఋతువంతయు అతడు దూరమాయెను. ఇందు ఏఱినవాని తప్పు గాని, ఏఱబడినవాని తప్పు గాని లేదు. ఇట్టి దానిని వైఫల్యమని పిలుచుటయే అన్యాయము.

ఇక మన పురాణములలోని ఉత్తరకుమారుని దలచుడు. అంతఃపుర స్త్రీలయెదుట బింకములాడి, కౌరవసేనను చూడగానే రథము దుమికి పరుగిడిన వానిని చూచి నేటికిని నవ్వుచున్నాము. వీరుడని పంపిన యెంపిక నిజముగా చెడ్డదే. కాని ఆ తరువాతి కథను మనము త్వరగా మఱతుము. ఆ దినముననే బృహన్నల రూపముననున్న అర్జునునకు అతడు సారథియై, అంత సేననడుమ పగ్గములు విడువక రథము నడపెను. పిదప కురుక్షేత్రమున తొలినాడే శల్యునితో వీరోచితముగ పోరి ప్రాణములు విడిచెను. పిఱికివాడని నవ్వబడిన వానికి చేయగల పనియు, నేర్పగల గురువును, కొంత కాలమును దొరికిన పిదప జరిగినది యిది. నర్తనశాలలో నాట్యము నేర్పు బృహన్నలను గూర్చి ఆ సభలోని వారెవ్వరికైన అనుమానము కలిగెనా? ఏఱువారి కన్ను అప్పుడును ఇంతే, ఇప్పుడును ఇంతే.

కడప జిల్లా యెఱ్ఱమల్లె గ్రామపు శ్రీచరణి తండ్రి విద్యుత్కేంద్రములో నుద్యోగి. ఆమె పరుగుపందెములు మొదలగు ఆటలలో తిరిగి, యించుమించు పదియాఱవ యేటగాని క్రికెట్టునకు పూర్తిగా రాలేదు; మొదట వేగముగా బంతి వేసి, పిదప త్రిప్పు బంతికి మాఱెను. 2024 డిసెంబరు వేలములో 10 లక్షలతో మొదలైన ఆమె వెలను ఢిల్లీవారు 55 లక్షలకు పాడిరి. 2025లో దేశపు జట్టున చేరెను. ఆ యక్టోబరు 12వ తేదీన మన విశాఖ పోతినమల్లయ్యపాలెము మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన ప్రపంచకప్పు ఆటలో మనవా రోడినను, ఆమె 3 వికెట్లు తీసెను. ఆ మైదానమున నొక వైపు మెట్లకు మిథాలీ రాజ్ పేరును, వేఱొక వైపునకు మన రాష్ట్రపు రావి కల్పన పేరును పెట్టినదియు ఆ దినములలోనే. నవంబరు 2వ తేదీన మన వనితలు ప్రపంచవిజేతలైరి. ఆ పోటీలలో శ్రీచరణి తీసిన వికెట్లు 14. అదే నెలలో జరిగిన వేలమున ఢిల్లీవారే ఆమెను తిరిగి 1.3 కోట్లకు తీసికొనిరి.

భద్రాచలపు గొంగడి త్రిష మాట యింకను వింతైనది. 2025 ఆరంభమున 19 యేండ్లలోపు బాలికల ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి, పోటీ మొత్తమునకు నుత్తమ క్రీడాకారిణి యాయెను. ఆ యేటి ప్రీమియర్ లీగులో మాత్ర మామెకు చోటే లేదు. చోటు లేనంత మాత్రమున ఆ 309 పరుగులు చెరిగిపోయినవా?

ఇదంతయు మేమేల వ్రాయుచున్నామో చెప్పెదము. మా యెఱిగిన యింటి బాలిక యొకతె పదవ తరగతి చదువుచున్నది. జిల్లా యెంపికకు పోయినది, పేరు రాలేదు. నాయనమ్మగారు "పేరు రాలేదు గదా, ఇక ఆ బ్యాటు అటక యెక్కించుడు" అనుచున్నారు. ఆ తల్లి మాయొద్దకు వచ్చి, "ఏమి చేయుదు నక్కగారూ?" అని యడిగినది. మేము మూడు ప్రశ్నలు వేసితిమి. ఎంతసేపు చూచిరి? ఏ పనికని చూచిరి? ఇంతవఱకు బిడ్డకు నేర్పినవా రెవరు? ఆమె చెప్పిన దేమనగా: చూచినది పది బంతులు; చూచినది బ్యాటు పట్టుట; బిడ్డ యభ్యాసము చేసినది బంతి వేయుట; నేర్పినవా డన్నగా డొక్కడే. ఇంతలోనే ఆ పిల్ల "పనికిరానిది" అయినది!

అట్లని బిడ్డలందఱును శ్రీచరణు లగుదురని మేము చెప్పము. ఐదుగురిలో నలుగురు మిగిలిపోవు లెక్కను పైననే వ్రాసితిమి. కావున చదువు మానవలదనియు, ఆటయే జీవనాధార మనుకొనవలదనియు ఆ తల్లికి గట్టిగా చెప్పితిమి. కాని చదువు సాగుచుండగా ఇంకొక రెండేండ్లు బంతి వేయనిచ్చుటలో పోవున దేమి? ఎన్నిక కాలేదనుట ఒకనాటి వార్త. పనికిరాదనుట తీర్పు. ఆ తీర్పు చెప్పు నధికారము పది బంతులు చూచినవారికి లేదు. తొందరపడు పెద్దలకును లేదు.

మన యిండ్లలోను వేలములు జరుగుచునే యుండును. పరీక్షలలో మార్కులు చూచియు, పెండ్లిచూపులలో రంగు చూచియు, ఉద్యోగమునకు జీతము చూచియు వెలలు కట్టుదురు. కట్టనిండు, వారి లెక్క వారిది. కాని సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను వాకిటనే నిలిపి "ఎంత పలికితివి?" అని యడుగకుందము. కాళ్లు కడుగుకొని రమ్మని, వేడియన్నము వడ్డించి, "ఈనా డేమి నేర్చితివి?" అని యడుగుదము.