కాల్షియం బిళ్లలు: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు



ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మొదట చెప్పేది నడుము నొప్పి సంగతే. "ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒకటే నొప్పి, కాల్షియం బిళ్లలు ఇప్పించండి" అంటారు. ఈ మాట ఊరూరా వింటున్నాము గనుక ముందే చెబుతున్నాము. పిల్లలు కలగకుండా చేసే ట్యూబెక్టమీ ఆపరేషన్ వల్ల ఎముకలు బలహీనపడవు. అందులో అండవాహికలను మాత్రమే మూసివేస్తారు. అండాశయాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి, ఎముకలను కాపాడే హార్మోను ఎప్పటిలాగే ఊరుతుంది.

మరి ఎముకల సత్తువ ఎక్కడికి పోయింది? కొంత బిడ్డలకు పోయింది. నెలలు నిండి పుట్టిన శిశువు ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి చేరుతుంది. ఆ తర్వాత చనుబాల ద్వారా రోజూ ఇంకొంత పోతుంది. తల్లి తిండిలో అది లేకపోతే ఆమె ఎముకల నుంచే కరిగి వస్తుంది. బిడ్డ పాలు మానిన తర్వాత ఎముకలు ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటాయి. కానీ దానికి వ్యవధి కావాలి. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉండాలని మేము చెప్పడానికి ఉన్న కారణాల్లో తల్లి ఒళ్లు కోలుకోవడం ఒకటి.

మిగతాది కంచంలో చూసుకోవాలి. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆ చుట్టుపక్కల జనాన్ని పరీక్షించి, పల్లెల్లోనూ పట్నంలోనూ తిండిలో కాల్షియం బాగా తక్కువగా ఉందనీ, చాలామందిలో డి విటమిను కూడా చాలడం లేదనీ 2007లో ప్రకటించారు. ఇంత ఎండ కాసే సీమలో డి విటమిను కొరత ఏమిటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అయితే ఎండ కాస్తే చాలదు, అది చర్మానికి తగలాలి. ఇంటిపట్టునే ఉండేవారికీ, ఒళ్లంతా కప్పుకొని తిరిగేవారికీ, చీకటి గదిలో పడుకోబెట్టే బాలింతకూ అది తగలదు.

నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అంతే జొన్నల్లో 30కి మించదు, బియ్యంలో ఇంకా తక్కువ. మన పెద్దలు తిన్న రాగి సంగటిని పేదల తిండి అని పక్కన పెట్టి, తెల్లన్నానికి మరిగి, ఆనక బిళ్లల కోసం వరుసలో నిలబడుతున్నాము. మునగాకు, తోటకూర, నువ్వులు, మజ్జిగ అన్నీ మంచివే. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలన్నీ డెయిరీకి పోసే ఇంటి యజమాని ఒక గ్లాసు ఇల్లాలి కోసం ఆపితే మందుల ఖర్చు తగ్గుతుంది.

గర్భిణికి మాత్రం తిండి ఒక్కటే చాలదు, బిళ్లలు తప్పక కావాలి. కాల్షియం తక్కువ తినే ప్రాంతాల్లో గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్సు వచ్చే ప్రమాదాన్ని ఇవి తగ్గిస్తాయి. ఆ ఫిట్సు తల్లినీ బిడ్డనూ కూడా బలిగొంటాయి. అందుకే ప్రభుత్వం 2014 నుంచి నాలుగో నెల మొదలు కాన్పు తర్వాత ఆరు నెలల వరకు రోజుకు రెండు బిళ్లలు ఇమ్మంటోంది. ఒక్కో బిళ్లలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి విటమిను ఉంటాయి. రెండూ ఒకేసారి మింగకండి. అంత కాల్షియాన్ని ఒంటి పూట ఒళ్లు పట్టుకోలేదు. ఉదయం తిండితో ఒకటి, మధ్యాహ్నం తిండితో ఒకటి వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది. రక్తం పట్టే ఐరన్ బిళ్లను వీటితో కలపరాదు, కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. దాన్ని రాత్రి భోజనమైన రెండు గంటలకు వేసుకోండి. బిళ్లలు మింగితే బిడ్డ లావెక్కి కాన్పు కష్టమవుతుందని అత్తగారు అన్నా, అమ్మగారు అన్నా నమ్మవద్దు.

ఇక కీడు సంగతి. డి విటమిను బాగా తగ్గినవారికి 60,000 యూనిట్ల పొట్లం గాని గోళీ గాని వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. మనిషికి రోజుకు కావలసింది 600 యూనిట్లే. అంటే ఆ ఒక్క పొట్లం నూరు రోజుల సరుకు. ఒక ఇంట్లో ఒకామె దాన్ని రోజూ పాలలో కలుపుకొని తాగుతూ కనిపించింది. నీరసం పోవడానికట. నీళ్లతో బయటికి పోయే విటమిను కాదు ఇది, కొవ్వులో నెలల తరబడి నిలవుంటుంది. మితి మీరితే నెత్తురులో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తాయి. చివరికి మూత్రపిండాలు చెడతాయి. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టరుగారి దగ్గరకు రండి. నీరసానికని ఊళ్లో ఎవరో వేసే డి విటమిను ఇంజెక్షన్లు వేయించుకోవద్దు.

మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు, థైరాయిడ్ బిళ్లలు వాడేవారు ముందే చెప్పాలి. థైరాయిడ్ బిళ్లకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం కావాలి. ఎండన పడి పనిచేసి నీళ్లు తక్కువ తాగే మన ప్రాంతంలో రాళ్లకు ముఖ్యమైన మందు నీళ్లే. కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడ నడుము, మెడ బిగుసుకుపోతుంటే బిళ్లలకంటే ముందు నీటిని పరీక్ష చేయించాలి.

మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ 2017 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో దొరుకుతోంది. దాన్ని వాడేటప్పుడు ఎముకల సాంద్రత కొద్దిగా తగ్గుతుంది, ఆపిన తర్వాత తిరిగి పుంజుకుంటుంది. భయపడి మధ్యలో మానేసి, అనుకోని గర్భం తెచ్చుకోవద్దు. రెండేళ్లకు మించి వాడదలిస్తే డాక్టరుగారితో ఒకసారి మాట్లాడండి.

నిజంగా భయపడవలసింది గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు అన్ని రాష్ట్రాలకన్నా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువగా తేలారు. తెల్లబట్టకో, నడుము నొప్పికో ముప్పై అయిదేళ్లకే సంచి తీయించుకున్నవారు మన ఊళ్లలో ఉన్నారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు ఆనాడే వచ్చినట్లు. ఎముకలు గబగబా పలుచనవుతాయి, ఏ బిళ్లా దాన్ని పూర్తిగా ఆపలేదు. ఎవరైనా ఈ ఆపరేషన్ చెబితే భార్యాభర్తలిద్దరూ ఆ కాగితాలు తీసుకొని ఇంకొక డాక్టరుకు చూపించండి. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని తప్పక అడగండి. ఇప్పటికే తీయించుకొని ఉంటే ఆ సంగతి ఏ.ఎన్.ఎం.కు చెప్పి, మీకు ఎంత కాల్షియం కావాలో రాయించుకోండి.