పాత ఉక్కు సైకిళ్లకు లోహపు పూత: మెరుపు, రక్షణ

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు వంటి వానలు మెండైన మన్య ప్రాంతంలో, పాత ఉక్కు సైకిలును పునరుద్ధరించేటప్పుడు పూతను మెరుపును బట్టి గాక రక్షణ స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి. అలంకార క్రోమియం పొర సాధారణంగా ఒక మైక్రాను మందమైనా ఉండదు; తుప్పును ప్రధానంగా నిరోధించేది దాని కింది నికెల్ పొర. నికెల్‌కు ఉక్కుకంటే చర్యాశీలత తక్కువ. అందువల్ల గీత ఉక్కుదాకా దిగితే అక్కడ ఉక్కే వేగంగా క్షయమవుతుంది. జింకు ఇందుకు భిన్నం; తాను ముందుగా క్షయమై ఉక్కును కాపాడుతుంది.

విద్యుల్లేపనానికి ముందు జరిపే ఆమ్లశుద్ధిలో వెలువడే హైడ్రోజన్ అధికబల ఉక్కును పెళుసుగా మార్చగలదు. గొట్టాలలో నిలిచిన ఆమ్లం చట్రాన్ని లోపలినుంచి తినివేస్తుంది. కనుక కొండదారుల సైకిలుకు పైమెరుగుకన్నా గొట్టాల లోపలి ప్రక్షాళన, ఆరుదల, నూనెపూత ముఖ్యం.