సానచక్రమును బిగించుటలో వహింపవలసిన జాగ్రత్తలు

ఉలులకు, బరమాలకు పదును పెట్టుటకై చిన్న కార్ఖానాలలో సైతము బల్లకు అమర్చిన గ్రైండరును వాడుచుందురు. దాని ఇరుసుకు తగిలించు సానచక్రము చూచుటకు దృఢముగా కన్పట్టినను స్వభావముచే పెళుసైనది. 200 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రము నిమిషమునకు 2,850 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. ఆ వేగములో చక్రము పగిలినచో ముక్కలు పనివాని కంటికే గాక ప్రాణమునకు సైతము ముప్పు తేగలవు. ఇట్టి ప్రమాదమునకు బీజము పలుమారు చక్రమును బిగించునప్పుడే పడును.

బిగించుటకు పూర్వము

మొదట విద్యుత్తును ఆపి ప్లగ్గును ఊడదీయవలెను. చక్రముపై ముద్రించిన గరిష్ఠ వేగమును, గ్రైండరుపై చెక్కిన వేగమును పోల్చి చూడవలెను. గ్రైండరు వేగమే హెచ్చుగా నున్నచో ఆ చక్రము పనికిరాదు. చక్రపు సురక్షిత వేగమును తెలుపు ప్రకటన యంత్రము చెంతనే ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 30వ సెక్షనునందు, విధించియుండెను.

పిమ్మట చక్రమును మ్రోగించి పరీక్షింపవలెను. పొడిగా నున్న చక్రమును రంధ్రమున వ్రేలుంచి వ్రేలాడదీసి, స్క్రూడ్రైవరు కొయ్యపిడితో అంచునకు ఒకటి రెండు అంగుళముల లోపల మెల్లగా తట్టవలెను. కొంత త్రిప్పి మరల తట్టవలెను. బట్టీలో కాల్చి చేసిన మంచి చక్రము ఖంగున మ్రోగును. బొంగురు శబ్దము వచ్చినచో లోపల బీట కలదని యెంచి దానిని వాడక పారవేయవలెను. కంటికి కానరాని బీటను చెవి పట్టి యిచ్చునని మరువరాదు.

బిగించు విధము

చక్రము ఇరుసుపై సులువుగా జారవలెను. సుత్తితో కొట్టి ఎక్కించరాదు. చక్రమునకు ఇరువైపుల అట్టబిళ్ళలను, వాటిపై సమాన వ్యాసముగల ఫ్లాంజీలను ఉంచవలెను. ఫ్లాంజీ వ్యాసము చక్రపు వ్యాసములో మూడవ వంతునకు తగ్గరాదు. పనివాని ఎడమవైపు నట్టుకు ఎదురు మర యుండును. దానిని గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా త్రిప్పినచో బిగియును. చక్రపు తిరుగుడుకు నట్టు వదులు కాకుండుటకే ఈ ఏర్పాటు.

నట్టును చక్రము జారకుండునంత మాత్రమే స్పానరుతో బిగింపవలెను. ఎంత బిగించిన అంత క్షేమమను భావన పొరపాటు. స్పానరుకు గొట్టము తొడిగి బలముగా బిగించినచో ఫ్లాంజీ వంగి, చక్రము బీట వారును.

నడుపుటకు పూర్వము

పనిముట్టును ఆనించు పలకకు, చక్రమునకు నడుమ ఎడము 3 మిల్లీమీటర్లను మించరాదు. మించినచో వస్తువు లోనికి లాగబడి చక్రము పగులవచ్చును. పై రేకు ఎడము 6 మిల్లీమీటర్లు దాటరాదు. చక్రము నిలిచియున్నప్పుడే వీటిని సరిచేయవలెను. కవచమును బిగించి, కంటి అద్దములు ధరించి, ప్రక్కగా నిలిచి, ఒక నిమిషము వట్టిగా తిరుగనిచ్చిన పిమ్మటనే పనికి పూనుకొనవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కంటిలో రవ్వ గ్రుచ్చుకొన్నచో నలుపరాదు. గుడ్డకొనతోగాని పుల్లతోగాని తీయ యత్నింపరాదు. కంటిపై ఒత్తిడి పడకుండ కప్పి, వెంటనే వైద్యుని కడకు పోవలెను. చక్రమును పరీక్షించుటకు పట్టునది కొద్ది నిమిషములు. పోయిన చూపు తిరిగి రాదు.