గడ్డి బేలుకు గుర్తు బిళ్ళ

అమెరికాలోని పెద్ద పొలములలో లూసర్ను గడ్డిని కోసి, ఎండబెట్టి, యంత్రముతో అదిమి బేళ్ళుగా కట్టుదురు. పెద్ద బేలు 300 కిలోలకు పైగా తూగును. పైకి అన్నియు ఒకే తీరు. భేదమంతయు లోపలి తేమలో కలదు. తేమ 20 శాతమును మించినచో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. బిగువైన బేలునుండి ఆ వేడి వెలికి పోజాలదు. సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిమ్మట సూక్ష్మజీవులు చాలవరకు నశించును. అయినను రసాయనిక చర్యలు వేడిని పెంచుచునే యుండును. కొన్ని వారములలో కొట్టమంతయు తనంతట తానే అంటుకొనవచ్చును. అగ్గిపుల్లతో పనియే లేదు!

కావున ఏ బేలు ఎంత తడితో కట్టబడినదో తరువాతకూడ తెలియవలెను. కట్టునప్పుడే యంత్రము తేమను కొలుచును; త్రాటికి చిన్న బిళ్ళ చుట్టబడును. ఇందు సిలికాన్ చిప్పు, యాంటెన్నా మాత్రమే కలవు. బ్యాటరీ లేదు, కనుకనే చౌక. చదువు పరికరము పంపిన రేడియో తరంగముల శక్తినే గ్రహించి, ఇది తన సంఖ్యను తెలుపును. తేమ, బరువు, తేదీ ఆ సంఖ్యక్రింద కంప్యూటరులో నమోదై యుండును.

ఒక చిక్కు కలదు. నీరు ఈ తరంగములను పీల్చుకొనును. తడి బేళ్ళ నడుమ చిక్కిన బిళ్ళ పలుకకపోవచ్చును; మనకు కావలసినదో, సరిగా అదే! అందుచే బేళ్ళను కొట్టములో పేర్చకముందే చదివి, తడివానిని వేరుచేయవలెను. బిళ్ళ వేడిని కొలువదు. అందుకు పొడవైన ఉష్ణమాపక శలాకను బేలులో గ్రుచ్చి చూడవలసినదే.